ఎడమచేతి చుట్టు

ఫోను పెట్టేశాక డాక్టరు తన చేతిలో వేడి సోల్డరింగ్ ఐరన్ ఉందన్న సంగతే మర్చిపోయి, దాంతో గాల్లో ఏదో రాస్తున్నట్టు నిలబడిపోయాడు. దాని కొస నుంచి సన్నటి పొగ దారంలా పైకి లేచి, కిటికీలోంచి వస్తున్న ఎండలో చుట్టలు తిరిగింది. పెళ్లయి ఆ రోజుకి నలభై మూడు రోజులు. ఈ నలభై మూడు రోజుల్లో అతను తనని మర్చిపోయిన సందర్భాలు రెండో మూడో ఉన్నాయి గానీ, వేడి ఐరన్‌ని మర్చిపోవడం అతని భార్య పిచ్చుక ఎన్నడూ చూడలేదు.

"ముందు దాన్ని స్టాండులో పెట్టండి. తర్వాత చెబుదురు గాని," అంది.

పెట్టాడు. "మ్యూజియం మేడమ్ చేశారు. ఒప్పుకున్నారట."

"దేనికి?"

"అమ్మా వాళ్ల ఫ్యాక్టరీకి. ఒక అద్దాల బీరువా మొత్తం ఇస్తారట."

ఆ మాటతో పిచ్చుక కాళ్లు నేలమీద ఆనలేదు. ఆ పేరు ఆమెకి ఊరికే రాలేదు. నడవాల్సిన చోట గెంతుతుందని, ఒక్క మాట చాలినచోట నాలుగు మాట్లాడుతుందని పెళ్లయిన మూడోరోజే మొగుడు పెట్టాడు. బదులుగా ఆమె అతన్ని వీధివాళ్లలాగే డాక్టరుగారూ అని పిలవడం మొదలుపెట్టింది. మనుషుల డాక్టరు కాదు. గొంతు పోయిన పాత రేడియోలకీ, మూలిగే ఆంప్లిఫయర్లకీ వైద్యం చేసేవాడు. ఇంటి ముందు గదే ఆసుపత్రి. రోగులందరూ చెక్కపెట్టెల్లో ఉంటారు. ఎవరూ నొప్పని అరవరు, మందు చేదని మొహం తిప్పుకోరు. డిగ్రీ చదివిన రోజుల్లో తనకి ఇలాంటి ఆసుపత్రిలో కాపురం రాసిపెట్టి ఉందని ఎవరైనా చెప్పి ఉంటే, పరీక్షలకి ఇంకా హుషారుగా చదివేదాన్ని అనుకునేది.

"అయితే ఒక మెలిక ఉంది," అన్నాడు డాక్టరు. "రేపు పదకొండింటికి రమ్మన్నారు. రెండంటే రెండు వాల్వులు చాలట. కానీ అవి ఆ ఫ్యాక్టరీలోనే తయారయ్యాయని చూపించాలి. చూపించలేకపోతే బీరువా వేరేవాటికి ఇచ్చేస్తారు. మన వాల్వులు ఏదో మూల అరలో ఉంటాయి, పక్కన 'తయారు చేసినవారు: తెలియదు' అని కార్డుతో."

తెలియదు. ఆ ఒక్క మాట పిచ్చుక గెంతుని సగంలో ఆపేసింది.

ఎందుకంటే అత్తయ్య కథంతా ఆ మాటలోనే ఉంది. ఆవిడ పెళ్లికి ముందూ, పెళ్లయ్యాకా కలిపి తొమ్మిదేళ్లు వాల్వుల ఫ్యాక్టరీలో పనిచేసింది. రేడియో లోపల ఎర్రగా వెలిగే గాజుబుడ్లే వాల్వులు. వాటి లోపలి సామాను, అంటే తీగలూ రేకులూ, కూర్చే గదిలో ఆవిడ బల్ల. ఆ ఫ్యాక్టరీ తన పేరు మీద ఒక్కటి కూడా అమ్మలేదు. వాల్వులు తయారై, ఉత్తి గాజుతో, ఒంటిమీద అక్షరం ముక్క లేకుండా అట్టపెట్టెల్లో వెళ్లిపోయేవి. ఎక్కడెక్కడో కంపెనీలు వాటిని కొని, తమ పేరు అచ్చు వేసుకుని, తమవే అని అమ్ముకునేవి. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడక్కడ టైర్ల గోదాము.

"తొమ్మిదేళ్లు ఏం చేశావమ్మా అని ఎవరైనా అడిగితే చూపించడానికి గాజుపెంకు కూడా లేదు," అని ఆవిడ ఒకసారి అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు చివర్లో చీర కొంగుతో బల్ల తుడిచిన తీరు పిచ్చుకకి గుర్తుండిపోయింది.

డాక్టరు వంటింట్లోకి వెళ్లి తల్లికి చెప్పాడు. పిచ్చుక గుమ్మం దగ్గర నిలబడి ఆవిడ ముఖంలోకే చూసింది.

"ఊఁ," అంది అత్తయ్య. "మంచిదేలే."

అంతే. తర్వాత టీలో రెండుసార్లు చక్కెర వేసింది. తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. ఆ టీని ముగ్గురూ కిమ్మనకుండా తాగారు. నాలుక మీద పాకం కట్టినట్టుగా ఉంది.

"ఎలా చూపిస్తార్రా?" అందావిడ చివరికి, గ్లాసులోకి చూస్తూ.

"నువ్వే చెప్పావుగా, మన సరుకు ఎక్కువగా పడవబొమ్మ కంపెనీవాళ్లే కొనేవారని. ఆ బొమ్మ ఉన్నవి నా దగ్గర ఆరున్నాయి. వాటితో మొదలుపెడతాను."

అతను అల్మరాలోంచి ఆరు వాల్వులు తీసి, బల్లమీద తెల్ల గుడ్డ పరిచి వరసగా నిలబెట్టాడు. ఒక్కోదాని మీద తెరచాప ఎత్తిన చిన్న పడవ, కింద కంపెనీ పేరు, వెలిసిపోయిన పసుప్పచ్చ రంగులో. తర్వాత వీధి చివర ఇంటి రేడియో ఒకటి అప్పగించి వస్తానని సంచీ తగిలించుకుని బయల్దేరాడు. అత్తయ్య నడుం వాల్చింది.

పిచ్చుక ఒక్కతే మిగిలింది, ఆరు వాల్వులతో.

వాటిని చూస్తే ఆమెకి ఎప్పుడూ ఒక కల చూసినట్టే ఉంటుంది. పెళ్లయిన రెండో వారంలో డాక్టరు ఆమె చేతికి భూతద్దం ఇచ్చి, ఒక వాల్వు లోపలికి చూపించాడు. లోపల ఒక మేడ ఉంది. అభ్రకం రేకుల అంతస్తులు, సన్నటి స్తంభాలు, వాటి మధ్య వెంట్రుక కంటే పలచటి తీగతో అల్లిన మెట్లు. పైన కప్పు దగ్గర గాజుకి లోపలివైపు అద్దంలా మెరిసే వెండి మచ్చ, దాని కింద ఆ మేడకి చంద్రుడిలా చిన్న లోహపు ఉంగరం. మనుషులు మాత్రం లేరు. "గాలి కూడా లేదు," అన్నాడు డాక్టరు, ఆమె చెవి దగ్గర. "లోపల మిగిలిన కాస్త గాలినీ ఆ వెండి పీల్చేసుకుంటుంది. ఆ ఉంగరం పేరు గెట్టర్." ఆ తర్వాత వారం రోజులూ ఆమెకి అభ్రకం మెట్ల మీద తామిద్దరూ చెప్పుల్లేకుండా నడుస్తున్నట్టు కలలొచ్చాయి. ఒక కలలో స్తంభానికి తీగమొక్క కూడా పాకింది. లేచి చెబితే, "ఆ చుట్టు నువ్వు నిజంగానే చూసి ఉంటావు. కొన్నింట్లో ఉంటుంది. ఎవరో అలా చేశారు," అని డాక్టరు అటు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు ఆ ఆరింటినీ చూస్తుంటే, రేపు మ్యూజియంకి పోయేవాళ్లు ఇలా దుమ్ముకొట్టుకుని పోవడమేమిటి అనిపించింది. పెళ్లిచూపులకి వెళ్తున్నట్టే కదా. మెత్తటి గుడ్డ తడిపి, ఒక్కోదాన్నీ పసిపిల్లకి స్నానం చేయించినట్టు తుడిచింది. కూనిరాగం తీస్తూ తుడిచింది. ఆరోది తుడిచి, గుడ్డ దులపబోతే, గుడ్డ మీద పసుప్పచ్చ మరక కనిపించింది.

ఒక్కో వాల్వునీ వెలుతురుకి ఎత్తి చూసింది. పడవల్లేవు. తెరచాపల్లేవు. ఆరుకి ఆరూ పుట్టిన రోజున ఉన్నంత శుభ్రంగా, ఖాళీ గాజుతో ఆమె వైపు చూస్తున్నాయి.

డాక్టరు వచ్చేసరికి ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని, గుడ్డని ఒళ్లో పెట్టుకుని ఉంది.

"ఏమైంది?"

ఆమె గుడ్డ చూపించింది. అతను గుడ్డ చూశాడు, బల్ల చూశాడు, మళ్లీ గుడ్డ చూశాడు.

"తడి గుడ్డా?"

"తడి గుడ్డే."

"ఆరూ?"

"ఏడోది ఉంటే అదీ తుడిచేదాన్ని."

డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. కోప్పడితే బాగుండుననిపించింది ఆమెకి. కోప్పడలేదు. అరచేతుల్తో ముఖం రుద్దుకున్నాడు.

"ఆ అచ్చు ఉత్తి పొడి పెయింటు. వేలు తగిలినా పోతుంది. చెప్పాల్సింది నేనే, మర్చిపోయాను," అన్నాడు గొంతు తగ్గించి. "అమ్మకి ఇప్పుడే చెప్పకు."

"చెప్పనక్కర్లేదు," అంది అత్తయ్య గుమ్మంలోంచి. "ఇంత చిన్న ఇంట్లో మీరిద్దరూ గుసగుసలాడితే గోడలకి కూడా చక్కగా వినిపిస్తుంది. నలభై రోజులుగా వింటూనే ఉన్నాను."

ఇద్దరి చెవులూ ఎర్రబడ్డాయి.

ఆవిడ వచ్చి బల్ల దగ్గర నిలబడింది. పేరు పోయిన ఆరు వాల్వుల్నీ చాలాసేపు చూసింది. పిచ్చుక కళ్లు తుడుచుకుంది. "అత్తయ్యా, నేను..." అంది, మిగతాది రాలేదు.

"మా దగ్గర్నుంచి ఇలాగే వెళ్లేవి," అందావిడ నెమ్మదిగా. "సరిగ్గా ఇలాగే. అచ్చు లేకుండా. ఎన్నేళ్లయిందో చూసి." వేలితో ఒకదాన్ని తాకి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "పోనీలేమ్మా. ఆ పడవ మాత్రం మాదా ఏమిటి? ఏడుపు మానేసి బిస్కెట్లు తిను. ఖాళీ కడుపుతో దిగులుపడితే రెండింతలవుతుంది."

ఆవిడ ఒళ్లో పడేసిన బిస్కెట్ పాకెట్ మూతికి సన్నటి తీగ మెలిపెట్టి ఉంది. ఈ ఇంట్లో పప్పుల సంచీ నుంచి సబ్బుపొడి దాకా అన్నిటికీ ఆ తీగే. అదే పిచ్చుకకి కాపురానికొచ్చిన మొదటి రోజు నుంచీ ఉన్న తగువు. లోకంలో ఏ మెలికైనా విప్పేవైపు తిప్పితే వదులవుతుంది. ఈ ఇంట్లో బిగుసుకుంటుంది. కొత్త కోడలికి పెట్టిన పరీక్ష కాబోలని మొదట్లో అనుమానపడింది కూడా.

ఇప్పుడూ తిప్పింది. ఇప్పుడూ బిగుసుకుంది. తీగ పుటుక్కున తెగి వేలికి గుచ్చుకుంది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"అత్తయ్యా, ఒక్క మాట అడగనా? ఈ తీగలన్నీ ఎందుకు అటువైపు చుడతారు?"

"ఎటువైపు?"

"తిరగేసి. ఎడమవైపుకి."

"తిరగేసేమిటే? తీగని అందరూ ఇలాగేగా చుట్టేది." ఆవిడ నిజంగానే తెల్లబోయింది. తెగిన ముక్క తీసుకుని, వేళ్ల మధ్య ఒక్క విసురు విసిరింది. కళ్లు మూసుకుని కూడా చెయ్యగలిగినంత సులువుగా తీగ చుట్టుకుంది, ఎడమవైపుకి.

"నువ్వు ఎడమచేతివాటం కాదు కదమ్మా," అన్నాడు డాక్టరు.

"నాది కాదు. మా పెద్దక్కది." అత్తయ్య ముఖం మీద ఎప్పటిదో వెలుతురు పడింది. "మా గదికి పెద్ద. పన్నెండుమందికీ ఆవిడే పని నేర్పింది. ఎదురుగా కూర్చుని చూపించేది కాదు. వెనక నిలబడి, మన చేతుల మీద తన చేతులు వేసి చేయించేది. ఆవిడ వేళ్లు ఎటు తిరిగితే మన వేళ్లూ అటే. నాకు ఒక్కటే చుట్టు వచ్చు, అది ఆవిడ చుట్టే."

"ఏం చుట్టేవారు?" అంది పిచ్చుక. గొంతులో ఏడుపు ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు.

"గెట్టర్ కాడని. ఆ ఉంగరాన్ని నిలబెట్టే తీగ. దాన్ని స్తంభానికి మిషను మీద అతికించాలి. మధ్యాహ్నం పూట కరెంటు పడిపోయేది, అతుకు సరిగ్గా పట్టేది కాదు. మిషన్ని నమ్ముకుంటే మాట పడతాం అని పెద్దక్క ఒక పద్ధతి పెట్టింది. అతికించే ముందు కాడని స్తంభానికి ఒక్క చుట్టు చుట్టమని. పైవాళ్లకి కూడా తెలియదు. మీ పుస్తకాల్లో ఉండదా ఏమిటి?"

డాక్టరు లేచి నిలబడ్డాడు. "ఏ పుస్తకంలోనూ లేదమ్మా. ఇంకెవరూ చుట్టరు. అందరూ అతికించి వదిలేస్తారు."

"అదేమిట్రా. ఊడిపోదూ?"

బయట మబ్బు పట్టి, ఎండ ఎవరో పక్కకి లాగినట్టు గోడ మీంచి జారిపోయింది. పిచ్చుక కళ్ల ముందు ఒక మేడ, ఒక స్తంభం, దానికి పాకిన ఒక తీగమొక్క కదిలాయి.

"డాక్టరుగారూ," అంది. "నా కల."

అతను అప్పటికే భూతద్దం వెతుకుతున్నాడు.

ఆరింటిలో మొదటిదాని కాడ నున్నగా, తిన్నగా ఉంది. రెండోదీ అంతే. మూడోది చూస్తూ పిచ్చుక భూతద్దాన్ని ఇంకా దగ్గరికి జరిపింది. వెండి మచ్చకి కొంచెం కింద, స్తంభాన్ని ఎవరో వేలితో వాటేసుకున్నట్టు, ఒకే ఒక్క చుట్టు.

"ఎటువైపు?" అన్నాడు డాక్టరు.

ఆమె బిస్కెట్ పాకెట్ తీగని పక్కన పెట్టి చూసింది. "ఇటే. ఇంట్లో నన్ను ఏడిపించేవైపే."

వర్షం మొదలైంది. ముగ్గురూ బల్ల దీపం కిందకి జరిగారు. ఆరింటిలో రెండింటికే చుట్టు ఉంది, మిగతా నాలుగూ పడవ కంపెనీ ఇంకెక్కడో కొన్నవి. అంటే పడవని నమ్ముకుని ఆరూ పట్టుకెళ్లి ఉంటే మ్యూజియం మేడమ్ ముందు నాలుగింటి విషయంలో తప్పు చెప్పి ఉండేవాళ్లు. ఆ మాట డాక్టరు అనబోయి భార్య వంక చూశాడు. ఆమె కళ్లలో అప్పుడే గర్వం మొలకెత్తుతోంది.

"తడి గుడ్డ గురించి ఒక్క మాట కూడా అనను," అన్నాడు.

"అనండి. ఇప్పుడు పర్వాలేదు."

తర్వాత అల్మరా మొత్తం కిందికి దిగింది. నక్షత్రం బొమ్మవి, గంట బొమ్మవి, ఉత్తి అక్షరాలవి. పిచ్చుక ఈసారి వాటిని కోడిగుడ్లు పట్టుకున్నట్టు పట్టుకుంది. ఒక్కోదాన్ని వెలుతురుకి ఎత్తడం, లోపలి ఖాళీ మేడల్లోకి తొంగి చూడడం, ఆ స్తంభం వెతకడం. మేడల్లో మనుషులు లేరని ఇన్నాళ్లూ అనుకుంది. ఉన్నారు. ప్రతి చుట్టు దగ్గరా ఒకమ్మాయి తలవంచుకుని కూర్చుని ఉంది, వెనక నిలబడి ఇంకొకావిడ ఆమె చేతులు పట్టుకుని ఉంది. చూస్తున్నకొద్దీ ఆమెకి ఆ గది పొడవూ, బల్లల వరసా, పన్నెండు జడలూ కనిపిస్తున్నాయి.

మరో అయిదు దొరికాయి. మొత్తం ఏడు, నాలుగు కంపెనీల పేర్లతో అమ్ముడుపోయినవి. ఎక్కడెక్కడి పేర్లో తగిలించుకుని తిరిగి తిరిగి ఈ అల్మరాలోకే వచ్చి చేరాయి.

"వీటిలో మీవి ఏవి అత్తయ్యా?" అంది పిచ్చుక.

ఆవిడ భూతద్దం తీసుకుని ఏడింటినీ చూసింది. చూపు ఆనక, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. తల అడ్డంగా ఊపింది.

"తెలీదమ్మా. అందరివీ ఒక్కలాగే ఉండాలని కదా ఆవిడ అంత కష్టపడింది. ఇది నాది కావచ్చు. నా పక్కన కూర్చున్న నవ్వులపిల్లది కావచ్చు, దాని జడ ఎప్పుడూ నా బల్ల మీదే ఉండేది." ఆగి, "మావి," అంది. "ఇవి మావి."

డాక్టరు ఆ ఏడింటిలో రెండు తీసుకుని, బల్ల చివర మూత తీసి ఉన్న రేడియోలో పెట్టాడు. అది వైద్యానికి ఇచ్చి, మళ్లీ రాకుండా పోయినవాళ్లెవరిదో. స్విచ్ వేశాడు. మొదట ఏమీ కాలేదు. తర్వాత మేడల అడుగున, పొద్దు పొడిచినట్టు, రెండు నారింజ చుక్కలు వెలిగాయి. దీపం ఆపేయమని పిచ్చుక సైగ చేసింది. మబ్బు చీకట్లో ఆ వెలుగు గాజు లోపల మెట్టుమెట్టుగా పైకెక్కి, పై అద్దంలో తన ముఖం చూసుకుంది. స్పీకరులోంచి ముందు ఒక నిట్టూర్పు లాంటిది వచ్చింది. దాని వెనకే ఎవరిదో వేణువు.

అత్తయ్య కుర్చీ అంచున కూర్చుంది. చేతులు ఒళ్లో ఉన్నాయి. కుడిచేతి రెండు వేళ్లు మాత్రం, ఆవిడకి తెలియకుండానే, గాలిని ఎడమవైపుకి చుడుతున్నాయి.

"అక్కడ పాట వినేవాళ్లు కాదా?" అంది పిచ్చుక మెల్లగా.

"ఎక్కడిది? మీటరు పెట్టి చూసేవారు. ముల్లు పచ్చగీత దాటితే మంచిది, దాటకపోతే చెత్తబుట్ట. తొమ్మిదేళ్లు ముల్లు కదలడమే చూశాం." వేణువు పైకి వెళ్లింది. ఆవిడ ఆగి విన్నది. "బాగా పాడుతోంది కదే."

"బాగా పాడుతోంది అత్తయ్యా."

పిచ్చుక చెయ్యి బల్ల కింద మొగుడి చేతిని వెతుక్కుంది. దొరికింది. సోల్డరింగ్ వాసన వేస్తున్న ఆ వేళ్లని తన వేళ్లతో ఒక చుట్టు చుట్టింది. ఎటువైపు చుట్టిందో చూసుకోలేదు.

వాన తగ్గాక డాక్టరు దీపం వేసి, కాగితం తీసుకుని, మేడమ్‌కి చెప్పాల్సినవన్నీ రాయడం మొదలుపెట్టాడు. కాడ, చుట్టు, దిక్కు. తయారు చేసినవారు అన్నచోట ఫ్యాక్టరీ పేరు రాసి, పెన్ను ఆపాడు. "అమ్మా, ఒక చిక్కుంది. ఇది మీ ఫ్యాక్టరీ పద్ధతే అని నువ్వు చెబుతున్నావు. నువ్వే కాక ఇంకెవరైనా అదే చుట్టు చుట్టి చూపిస్తే ఇక వాళ్లు కాదనడానికి ఉండదు."

అత్తయ్య అప్పటికే లేచి, బిస్కెట్ల పాకెట్‌కి కొత్త తీగ చుడుతోంది. ఆవిడ నడకలో ఏదో మారింది. చీర కొంగు నడుముకి దోపుకుంది. మధ్యాహ్నం టీలోకి చూస్తూ కూర్చున్న మనిషి కాదు.

"పెద్దక్క ఉందిగా," అంది.

"ఉన్నారా?" పిచ్చుక నోరు తెరిచింది.

"ఎనభై రెండేళ్లు. కళ్లు సరిగ్గా ఆనవు గానీ, ఆ చేతులకి కళ్లతో పనేముంది? కూరగాయల మార్కెట్ వెనక, కూతురింట్లో ఉంటుంది. ఏడాదికోసారి వెళ్లి చూసొస్తాను." ఆవిడ తీగ కొస తుంచి, కొడుకు వైపు తిరిగింది. "ఒరే, రేపు ఎనిమిదింటికల్లా తయారుగా ఉండు. సన్నతీగ ఒక చుట్ట, చిన్న పటకారు నీ సంచీలో పెట్టు. ముందు పెద్దక్క ఇంటికి వెళ్దాం. ఆవిణ్ణి ఆటోలో ఎక్కించుకుని, అక్కణ్ణుంచి తిన్నగా మ్యూజియంకి. మేడమ్ ముందు ఆవిడ ఒకటి చుడుతుంది, నేనొకటి చుడతాను. కార్డు మీద ఏం రాయాలో ఆవిడే చెబుతుంది."

"మరి నేనో?" అంది పిచ్చుక.

అత్తయ్య ఆమెని పైనుంచి కింది దాకా చూసింది.

"నువ్వు వాల్వుల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చో. దారిలో ఎక్కడా దేన్నీ తుడవకు."